శేషాచలం రాళ్ళు, 4×5 ఫిల్ము: ప్రాజెక్టు డైరీ

చంద్రగిరి కోట కొండ మీది గ్రానైటు గుండ్లు, తిరుమల మీది శిలాతోరణం, తలకోన జలపాతం. ఈ మూడింటినీ 4×5 అంగుళాల నలుపు తెలుపు షీట్ ఫిల్ము మీద తీసి, నెగటివ్‌ను నేరుగా కాగితం మీద పరిచి కాంటాక్ట్ ప్రింట్లు వేయాలన్నది పని. షరతు ఒక్కటే పెట్టుకున్నాం: మూడు చోట్ల నెగటివ్‌లూ గ్రేడ్ 2 (మామూలు కాంట్రాస్టు) కాగితం మీదే పడాలి. ఎండకు తళతళలాడే బండ, కోనలోని తడి నీడ ఒకే కాగితంలో ఇమడాలంటే ఆ పని డార్క్‌రూములో మొదలుపెడితే కుదరదు. నీడ ఏ జోనులో (నలుపు నుంచి తెలుపు దాకా అంకెలు వేసిన మెట్లలో ఒకటి) పడాలి, షీటు డెవలపర్‌లో ఎన్ని నిమిషాలుండాలి అన్నది షట్టర్ నొక్కకముందే తేలిపోవాలి. తిరుపతిలో దీనికి మిద్దె మీది ట్యాంకు నీళ్ళ వేడి కూడా తోడవుతుంది. అందుకే ఈ డైరీలో ఎక్కువ చోటు డెవలపింగ్ లెక్కకే పోయింది.

సామాను: చెక్క ఫీల్డ్ కెమెరా, 90, 150, 210 మి.మీ. లెన్సులు, స్పాట్ మీటర్, ఇల్‌ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ షీట్లు, పసుపు 8, పచ్చ 11, ఎరుపు 25 నంబరు ఫిల్టర్లు.

అక్టోబరు: బెల్లోస్, హోల్డర్లు, షట్టర్

వానల నెల ఇంట్లో పనికే సరిపోయింది. ముందు బెల్లోస్, అంటే లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఉండే మడతల తిత్తి. గది పూర్తిగా చీకటి చేసి, బెల్లోస్‌ను నిండుగా చాచి, లోపల చిన్న ఎల్‌ఈడీ టార్చి పెట్టి, మడతల మూలలన్నీ బయటి నుంచి చూడాలి. చిల్లులు దాదాపు ఎప్పుడూ మూలల్లోనే పడతాయి, మడత రెండు వైపులా వంగేది అక్కడే కాబట్టి. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి పది నిమిషాలు ఆగకపోతే సన్న చిల్లులు కనబడవు. పూతకు నల్లటి ఫాబ్రిక్ పెయింటు వాడాం, పలచగా రెండు కోట్లు. మామూలు తెల్ల జిగురు ఆరాక గట్టిపడి, మడతపెట్టగానే పగులుతుంది. బెల్లోస్ చాచి ఉంచే ఆరబెట్టాలి. ఆరాక కొంచెం టాల్కం పౌడరు అద్ది దులిపేస్తే మడతలు ఒకదానికొకటి అంటుకోవు.

షీట్లు పెట్టే హోల్డర్ల పరీక్షకు ఖరీదైన ఫిల్ము తగలేయక్కర్లేదు. ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) ఫొటో కాగితాన్ని ఎర్ర లైటు కింద 100×125 మి.మీ. ముక్కలుగా కోసి, హోల్డర్లలో ఎక్కించి, డార్క్‌స్లైడ్ (ఫిల్ముకు వెలుగు తగలకుండా అడ్డుండే జారుడు పలక) మూసే ఉంచి, ఒక్కో వైపు కొన్ని నిమిషాలు ఎండకు చూపి డెవలప్ చేస్తే చాలు. డార్క్‌స్లైడ్ దూర్చే మూతి దగ్గర నల్ల చార కనిపిస్తే అక్కడి వెల్వెట్ అరిగినట్టు. పక్క అంచున కనిపిస్తే కింది మడత టేపు చిరిగినట్టు. ప్రతి హోల్డరుకూ నంబరు రాసి, ఆ నంబరు ఫిల్ము అంచున పడేలా చిన్న గాటు పెట్టుకుంటే, తర్వాత ఏ నెగటివ్‌లో లీకు వచ్చినా దోషి ఎవరో వెంటనే తెలుస్తుంది.

గ్రౌండ్ గ్లాసు (ఫోకస్ చూసుకునే గరుకు అద్దం) లోతు కూడా ఈ నెలలోనే కొలిచాం. 4×5 హోల్డరులో ఫిల్ము పడే లోతు 0.197 అంగుళం, అంటే 5.0 మి.మీ. గ్రౌండ్ గ్లాసు గరుకు వైపు కూడా కెమెరా వెనక చట్రం నుంచి అంతే లోతులో ఉండాలి. డెప్త్ వెర్నియర్‌తో నాలుగు మూలలా, మధ్యలో కొలవాలి. పాత కెమెరాలకు ఎవరైనా గ్లాసుకూ లెన్సుకూ మధ్య ఫ్రెనెల్ పలక (గ్లాసు మీది బింబాన్ని వెలుగుగా చూపేది) తర్వాత చేర్చి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. గ్లాసు మీద పదునుగా కనబడింది ఫిల్ము మీద మసకగా వస్తుంది, లెన్సును తిట్టుకుంటూ కూర్చుంటాం.

షట్టరును ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీసి లెక్కపెట్టవచ్చు. 1 సెకనుకు 240 ఫ్రేములు, 1/30కి 8 ఫ్రేములు రావాలి. అంతకంటే వేగాలకు ఈ పద్ధతి నమ్మదగ్గది కాదు. ల్యాండ్‌స్కేపులో ఎక్కువగా వాడేది నెమ్మది వేగాలే కాబట్టి మనకు చాలు. వచ్చిన అసలు వేగాల్ని చిన్న చీటీ మీద రాసి లెన్స్ బోర్డు వెనక అతికించాం.

నవంబరు: ఫిల్ము వేగం

పెట్టె మీద వేగం (ఐఎస్ఓ) 125 అని ఉన్నా, నీడల్లో వివరం కావాలంటే సొంత వేగం పరీక్షించుకోవాల్సిందే. సమంగా వెలుగు పడే గోడను మీటర్ చూపిన దానికంటే 4 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగం) తగ్గించి, అంటే మీటరు చూపే 5వ జోను నుంచి 1వ జోనుకు దించి, ఒకే షీటు మీద డార్క్‌స్లైడ్‌ను అంచెలంచెలుగా మూస్తూ 125, 100, 80, 64, 50 వేగాలకు పట్టీలు వేయాలి. ఖాళీ ఫిల్ము బేస్ గుండా కాగితం నిండు నలుపుకు రావడానికి పట్టే కనీస సమయం ముందు కనుక్కుని, అదే సమయంతో ఈ పట్టీల షీటును కాంటాక్ట్ ప్రింట్ వేయాలి. నిండు నలుపు కంటే కంటికి ఆనీ ఆననంత తేలికగా కనబడే మొదటి పట్టీయే మన వేగం. మా మీటరు, షట్టరు, డెవలపరు కలిపి 64 తేలింది. ఇకనుంచి మీటరు 64 మీదే.

ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో కూర్చిన జోన్ పద్ధతిని పుస్తకపు చాదస్తమని కొట్టిపారేసేవాళ్ళున్నారు. రోల్ ఫిల్ముకు ఆ మాట కొంత ఒప్పుకోవచ్చు, రోలంతా ఒకేసారి డెవలప్ చేయాలి గనుక. షీట్ ఫిల్ములో ఏ షీటుకు ఆ షీటు విడిగా డెవలప్ చేయవచ్చు. ఇంత బరువు కొండెక్కించేది ఆ వీలు కోసమే కదా.

డిసెంబరు: తలకోన

ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక తలకోనలో నీరు నిండుగా ఉంటుంది, గాలి కడిగినట్టు తేటగా ఉంటుంది. జలపాతం ఎత్తు 270 అడుగులు, దాదాపు 82 మీటర్లు. చోటు శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది కాబట్టి అటవీ శాఖ అనుమతి కాగితం వెంట ఉండాలి. ఎర్రచందనం దొంగల కోసం గస్తీ తిరిగే అడవి ఇది. పెద్ద సంచి, మూడు కాళ్ళ స్టాండు, నల్ల గుడ్డ కనబడితే ఆపి అడగడం వాళ్ళ బాధ్యత.

ఎక్కడ నిలబడాలన్నది ఇంటి దగ్గరే లెక్క వేసుకోవచ్చు. కెమెరా వెనక భాగం నిటారుగా ఉంటేనే రాతి గోడ వెనక్కి వాలినట్టు రాదు. కెమెరాను పైకి ఎత్తకుండా లెన్సునే రైజ్ చేయాలి, అంటే నిటారుగా పైకి జరపాలి. 90 మి.మీ. లెన్సు ఇమేజ్ సర్కిల్ (లెన్సు వేసే బింబపు వలయం) 216 మి.మీ. అయితే నిలువు ఫ్రేములో గరిష్ఠంగా 37 మి.మీ. రైజ్ దొరుకుతుంది. ఆ రైజ్‌తో అడుగు నుంచి పై అంచు దాకా పట్టాలంటే 76 మీటర్లు వెనక్కి ఉండాలి. 210 మి.మీ. సర్కిల్ ఉన్న 150 లెన్సుతో అయితే 131 మీటర్లు. చెట్ల మధ్య అంత వెనక్కి జరిగే కొద్దీ కొమ్మలు అడ్డం వస్తాయి, అందుకే ఇక్కడికి 90 లెన్సే. రైజ్ చివరి దాకా లాగితే మూలలు నల్లబడతాయి. గ్రౌండ్ గ్లాసు మూలల గుండా అపెర్చరును, అంటే లెన్సు లోపలి రంధ్రాన్ని చూడాలి. అది గుండ్రంగా కాక పిల్లి కన్నులా కనబడితే ఆ మూలకు వెలుగు కోత పడుతున్నట్టే.

ఎక్స్‌పోజరు లెక్క ఒక ఉదాహరణతో. తడి రాతి నీడ ఐఎస్ఓ 100 లెక్కన 8 ఈవీ (మీటరు చూపే వెలుగు కొలత, 1 పెరిగితే 1 స్టాపు), పడే నీళ్ళు 13 ఈవీ అనుకుందాం. తేడా 5 స్టాపులు. నీడను 3వ జోనులో పెడితే నీళ్ళు 8వ జోనుకు పోతాయి, తెల్లటి ముద్ద తప్ప ధారలు కనబడవు. నీళ్ళు 7వ జోనుకు దిగాలంటే ఆ షీటు మీద ‘ఎన్-1’ అని రాసుకోవాలి, అంటే డెవలప్‌మెంటు తగ్గించాలి.

ఇక సమయం. అపెర్చరు ఎఫ్/32 దగ్గర (అంకె పెద్దదైతే రంధ్రం చిన్నది), 64 వేగానికి మీటరు దాదాపు 6 సెకన్లు చూపుతుంది. 3వ జోనుకు దించితే 1.5 సెకను. ఆకుల పచ్చదనం రాతిలో కలిసిపోకుండా 11 నంబరు పచ్చ ఫిల్టరు వేస్తే నాలుగు రెట్లు, మళ్ళీ 6 సెకన్లు. 1 సెకను దాటాక ఎఫ్‌పీ4 ప్లస్ మందగిస్తుంది. దానికి ఇల్‌ఫోర్డ్ ఇచ్చిన లెక్క: సమయాన్ని 1.26 ఘాతానికి పెంచాలి. 6 సెకన్లు 9.6 అవుతుంది, కాబట్టి 10 సెకన్లు ఇవ్వాలి. ఇక్కడ వరస ముఖ్యం. ముందు ఫిల్టరు, ఆ తర్వాతే ఈ సవరణ. తలకిందులు చేస్తే, 1.5ను ముందు సవరించి 4తో గుణిస్తే 6.7 సెకన్లే వస్తుంది. దాదాపు అర స్టాపు తక్కువ, అదీ నీడల్లో.

10 సెకన్లకు నీళ్ళు పాలలా నున్నగా వస్తాయి. మాకది నచ్చలేదు. ధార రాతిని కొట్టి చీలే తీరు కనబడకపోతే తలకోనకు వెళ్ళి ప్రయోజనం ఏముంది? అందుకని అదే చోట రెండో హోల్డరులో ఎక్కువ వేగం ఉన్న హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ము: వేగం 250, ఫిల్టరు లేదు, ఎఫ్/16, 1/8 సెకను. ఆకులు కొంచెం నల్లగా వచ్చినా ధార బతికింది. ప్రింటుకు ఈ షీటే.

తుంపర గురించి ఒక్క మాట. లెన్సు ముందు యూవీ ఫిల్టరు ఉంచి, డార్క్‌స్లైడ్ లాగే చివరి క్షణంలో తుడవాలి. తడి చేతులతో హోల్డరు పట్టుకుంటే నీరు స్లైడు మూతి గుండా ఫిల్ము మీదికి పాకుతుంది, ఎమల్షన్ ఉబ్బిన చోట మచ్చ శాశ్వతం.

జనవరి: చంద్రగిరి

కోట వెనక కొండ అంతా గ్రానైటు. ముందు పరిచినట్టున్న బండ, వెనక గుండ్లు, ఆ పైన కొండ. టిల్ట్‌కు, అంటే లెన్సును ముందుకు వంచే పనికి, ఇంతకంటే మంచి బడి లేదు. థియొడోర్ షైంప్‌ఫ్లుగ్ 1904లో పేటెంట్ తీసుకున్న సూత్రం ఇదే: లెన్సు తలం, ఫిల్ము తలం, పదును తలం ఒకే గీత దగ్గర కలుస్తాయి. కొండ మీద పనికొచ్చేది హెరాల్డ్ మెర్క్లింగర్ చెప్పిన లెక్క. లెన్సు నుంచి బండ దాకా ఉన్న ఎత్తుతో ఫోకల్ లెంగ్తును భాగిస్తే వచ్చేది టిల్ట్ కోణపు సైన్. లెన్సు బండకు 1.5 మీటర్ల ఎత్తున, 150 మి.మీ. లెన్సుతో, 5.7 డిగ్రీలు. ఎత్తు 1.2 మీటర్లయితే 7.2. ఇంతే. గ్లాసు మీద అర్థం కాక 15 డిగ్రీలు వంచేవాళ్ళే ఎక్కువ, అప్పుడు ఏదీ పదును కాదు.

లెన్సు కింది అంచు దగ్గర వంగే కెమెరా అయితే దూరానికి ఫోకస్ చేసి, దగ్గరికి టిల్ట్ వంచి, మళ్ళీ దూరానికి ఫోకస్. రెండు మూడు సార్లకు రెండూ కుదురుతాయి.

టిల్ట్‌తో అన్నీ పదునవుతాయనుకోకూడదు. పదును ఉండే మేర లెన్సు కింద సన్నగా మొదలై దూరం పోయే కొద్దీ మందమయ్యే చీలికలా ఉంటుంది. 150 లెన్సు, ఎఫ్/32, 0.1 మి.మీ. మసక వరకు ఒప్పుకుంటే, 7 మీటర్ల దూరంలో బండ నుంచి పైకి 1.5 మీటర్ల దాకానే పదును. 5 మీటర్ల దూరంలో 1.1 మీటరే. అక్కడ 3 మీటర్ల చెట్టు ఉంటే దాని కొమ్మలు మసకే. దూరాన కొండ మాత్రం పూర్తిగా ఇముడుతుంది, ఎందుకంటే 70 మీటర్ల దగ్గర ఆ మేర 15 మీటర్లు. కాబట్టి దగ్గర్లో చెట్టో, నిలువు గుండో ఉంటే టిల్ట్ వదిలేసి అపెర్చరు మూయడమే మేలు.

ఎంత మూయాలి? దగ్గరి వస్తువుకు ఫోకస్ చేసి కెమెరా కింది రైలు మీద పెన్సిల్ గీత, దూరానికి చేసి మరో గీత. రెండింటి మధ్య దూరాన్ని మి.మీ.లలో కొలిచి, 375తో గుణించి, వర్గమూలం తీయాలి. 2 మి.మీ.కి ఎఫ్/27, 4 మి.మీ.కి ఎఫ్/39 దగ్గర పడుతుంది. ఫోకస్‌ను రెండు గీతల నడుమ ఆపాలి. ఎఫ్/64 దాకా మూస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచున వెలుగు వంగడం) వల్ల గ్రానైటు గింజల పదును మొత్తంగా తగ్గుతుంది.

పొద్దెక్కే కొద్దీ గాలి లేస్తుంది, చాచిన బెల్లోస్ తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. ట్రైపాడ్ మధ్య కొక్కేనికి సంచి వేలాడదీస్తే ఊగుతుంది. సంచి అడుగు నేలకు ఆనేలా తాడు కట్టాలి.

హోల్డరు దూర్చేటప్పుడు ఒక చేత్తో వెనక చట్రాన్ని పట్టుకోకపోతే ఫోకస్ కదులుతుంది. దూర్చాక షట్టరు మూసి ఉందా, అపెర్చరు దిగి ఉందా అని చూసి అప్పుడే స్లైడు లాగాలి. లాగేది లెన్సు వైపున్న స్లైడు. తిరిగి పెట్టేటప్పుడు నల్ల అంచు బయటికి, వాడేసిన షీటుకు అదే గుర్తు.

మార్చి: శిలాతోరణం

తిరుమల కొండ అడుగున గ్రానైటు, దాని మీద ఎన్నో కోట్ల ఏళ్ళ విరామం తర్వాత పేరుకున్న క్వార్ట్‌జైటు. ఆ రెండూ కలిసే గీత ఘాట్ రోడ్డు పక్కనే కనబడుతుంది గానీ, ఆ మలుపుల్లో బండి ఆపి ట్రైపాడ్ వేసే చోటు కాదు. చంద్రగిరిలో తీసింది కింది రాయి. పై రాయికి శిలాతోరణం: 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న సహజమైన కమాను. చుట్టూ కంచె ఉంది, 210 లెన్సు అందుకే. ట్రైపాడ్ వాడుకకు టీటీడీ అనుమతి ముందే అడగాలి.

అలిపిరి తనిఖీ కేంద్రంలో సంచులు స్కాన్ అవుతాయి. 125 వేగం ఫిల్ముకు మామూలు ఎక్స్‌రే ఒకసారి తగిలితే కనబడే నష్టం ఉండదు. అసలు ప్రమాదం పెట్టె తెరిచి చూడడం. ఫిల్ము పెట్టెను ఇంట్లోనే వదిలి, హోల్డర్లలో ఎక్కించినవే తీసుకెళ్ళాలి, స్లైడు మూతికి టేపు వేయాలి. లోపల ఏముంటుందో తెరిచి చూపడానికి ఒక ఖాళీ హోల్డరు విడిగా పెట్టుకోవాలి. అది చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక్కడ అసలు చిక్కు ఫిల్టరు. రాయి ఎరుపు గోధుమ, వెనక ఆకాశం నీలం, చుట్టూ పొదలు పచ్చ. ఎరుపు 25 వేస్తే (8 రెట్లు) రాయి తేలికై ఆకాశం నల్లబడుతుంది. వినడానికి బాగుంది. కానీ కమాను కింది నీడకు వెలుగిచ్చేది ఆ నీలాకాశమే. ఎరుపు ఫిల్టరు ఆ వెలుగునే మింగేస్తుంది, కాబట్టి నీడ మీటరు చెప్పిన దానికంటే ఇంకా లోతుకు పడిపోతుంది. పొదలు బొగ్గవుతాయి. పసుపు 8 (2 రెట్లు) చాలు. మార్చి ఎండలో ఆకాశం తెల్లటి మసక పట్టి ఉంటే ఏ ఫిల్టరూ దాన్ని నల్లబరచలేదు. తెలుపులో అన్ని రంగులూ ఉన్నాయి మరి.

ఏప్రిల్: డెవలపింగ్, వేడి నీళ్ళు

డెవలపరు డీ-76, ఇంట్లోనే కలిపింది. 50 డిగ్రీల వేడి ఉన్న 750 మి.లీ. నీళ్ళలో చిటికెడు సోడియం సల్ఫైటు, తర్వాత మెటాల్ 2 గ్రా., మిగతా సల్ఫైటు (మొత్తం 100 గ్రా.), హైడ్రోక్వినోన్ 5 గ్రా., బోరాక్స్ 2 గ్రా., చివరికి 1 లీటరుకు నింపాలి. సల్ఫైటంతా ముందే వేస్తే మెటాల్ కరగదు. నీళ్ళు బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్ళ సున్నం వల్ల తెట్టు కడుతుంది. నెలలోపు వాడేయాలి. నిల్వ ఉన్న డీ-76 క్షారత పెరిగి కాంట్రాస్టు పెంచుతుంది, మన ఎన్-1 లెక్కంతా గాలికి పోతుంది.

ఎఫ్‌పీ4 ప్లస్‌కు 1+1లో (డెవలపరుకు అంతే నీరు కలిపి) 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. 3 డిగ్రీలు పెరిగితే సమయం నాలుగో వంతు తగ్గించాలి. 24 డిగ్రీల దగ్గర 7.5 నిమిషాలు, ఎన్-1కు ఇంకో 18 శాతం తగ్గించి 6 నిమిషాలు. 27 దగ్గర మామూలుకే 5.6, ఎన్-1కు 4.6. 5 నిమిషాల లోపు డెవలప్‌మెంటు సమంగా రాదు, ముఖ్యంగా ఖాళీ ఆకాశంలో మరకలు తేలతాయి. అందుకే 1+1కు 24 డిగ్రీలే హద్దు.

ఏప్రిల్ గదిలో 24 దగ్గర నిలపడం కష్టం. ఐసు వేసి దించినా, పది నిమిషాల్లో ద్రావణం మళ్ళీ ఎక్కుతుంది. దీనికి మందు ఐసు కాదు, పలచన. 1+3లో 20 డిగ్రీలకు 20 నిమిషాలు, 27కు 10.2 నిమిషాలు, ఎన్-1కు 8.4. గది వేడికీ ద్రావణం వేడికీ తేడా తక్కువ కాబట్టి ఎక్కడం కూడా తక్కువ. ఒక చిక్కు: 1 లీటరు 1+3లో అసలు డెవలపరు 250 మి.లీ.లే. అది నాలుగు 4×5 షీట్లకే సరిపోతుంది. ఆరు పట్టే రీలైనా నాలుగే ఎక్కించాలి. ఆరు ఎక్కిస్తే ఆకాశాలు, నీళ్ళు ముందుగా అలసిపోయి చప్పబడతాయి.

ప్లాస్టిక్ ట్యాంకు తనే గది వేడి మీద ఉంటుంది. ముందు 27 డిగ్రీల నీళ్ళు పోసి రెండు నిమిషాలు ఉంచి పారబోస్తే ట్యాంకు, ఫిల్ము దారికొస్తాయి. డెవలపరు పోశాక మొదటి 30 సెకన్లు ఆపకుండా, తర్వాత నిమిషానికి నాలుగు సార్లు నెమ్మదిగా తిప్పాలి. దడదడా ఊపితే షీటు అంచుల్లో ద్రావణం వేగంగా పారి అంచులు చిక్కబడతాయి.

స్టాప్ బాత్ (డెవలపింగును ఆపే ద్రావణం), ఫిక్సర్ (బింబాన్ని స్థిరపరిచేది), కడిగే నీళ్ళు అన్నీ ఆ 27 డిగ్రీలకు అటు ఇటు 2 డిగ్రీల్లోనే. మిద్దె ట్యాంకు కుళాయి నేరుగా తిప్పితే మెత్తబడిన జెలటిన్ ఒక్కసారిగా ముడతలు పడుతుంది. కడిగే నీళ్ళు ముందు రాత్రే మట్టి కుండల్లో పట్టి ఉంచాం. పొడి గాలిలో కుండ నీళ్ళు గది కంటే చల్లగా ఉంటాయి, ఐసు ఖర్చు తప్పింది. కడగడానికి 5, 10, 20 సార్లు తిప్పి మూడు మార్పులు, ఆఖరిది డిస్టిల్డ్ నీళ్ళలో వెట్టింగ్ ఏజెంటు.

ఫిక్సరు బాగుందో లేదో ఫిల్ము ముక్క వేసి చూడాలి. అది తేటపడే సమయానికి రెట్టింపు ఫిక్స్ చేయాలి. కొత్తప్పటి కంటే రెండింతలు పట్టిందంటే పారేయాల్సిందే, కానీ కాలువలో కాదు. అందులో వెండి ఉంటుంది. స్టీల్ ఊల్ వేసి వారం ఉంచితే వెండి అడుక్కి దిగుతుంది. ఆరబెట్టేది బాత్‌రూములో, ఫ్యాను ఆపి, ఒక మూల క్లిప్పుతో వేలాడదీసి.

మే: ప్రింట్లు

తలకోన హెచ్‌పీ5 షీటు, చంద్రగిరి బండ, రెండూ గ్రేడ్ 2 మీద ఒకే సమయానికి పడ్డాయి. కింద స్పాంజి, పైన 6 మి.మీ. అద్దం. అద్దం పలచనైతే నడుమ ఫిల్ము కాగితానికి ఆనక మసక వస్తుంది. శిలాతోరణం షీటు మాత్రం గ్రేడ్ 3 అడుగుతోంది. తెల్లటి మసక వెలుగుకు ఎన్-1 అక్కర్లేదు, నీడకూ ఎండకూ తేడా అక్కడ 4 స్టాపులే. జూలైలో ఒక వాన పడి గాలి తేరుకున్నాక అదే చోట నుంచి, 210 లెన్సు, పసుపు 8, పూర్తి డెవలప్‌మెంటుతో మరో షీటు తీయాలి.